ఊడిన ఫిడేలు నట్టు: మరమ్మతు డైరీ

మొదటి శనివారం, రాత్రి

మా ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ఫిడేలుకు మెడ చివర, వేళ్ళు ఆడించే నల్లపలక ముగిసి, తీగలు బిగించే బిరడల పెట్టె మొదలయ్యే చోట, అడ్డంగా ఒక చిన్న నల్లకర్ర ముక్క ఉంటుంది. నాలుగు తీగలూ దాని నెత్తిన ఉన్న గాట్లలో కూర్చుని, అక్కడి నుంచి వంగి బిరడల వైపు దిగుతాయి. దానిని నట్టు అంటారు. ఈ సాయంత్రం "ఫిడేలు నట్టు ఊడింది" అని నేను కేక వేస్తే మా బావమరిది పానా పట్టుకుని వచ్చాడు కాబట్టి, ఈ డైరీలో నట్టు అంటే మరచుట్లున్న ఇనుప బిళ్ళ కాదని మొదటే రాసిపెట్టుకుంటున్నాను.

లోపం రెండు వారాలుగా కళ్ళెదుటే ఉన్నా నేను గుర్తించలేదు. బిరడ తిప్పినప్పుడల్లా సన్నగా "టిక్" మని చప్పుడు వచ్చి, శ్రుతి నెమ్మదిగా పెరగవలసింది పోయి ఒక్కసారిగా గెంతేది. బిరడ పట్టేసిందనుకుని దానికి సుద్ద రాశాను, సుద్దతో కుదరకపోతే సబ్బు రాశాను. మా అమ్మాయి మాత్రం "నాన్నా, పంచమం తీగ మీద వేలు ఊపుతుంటే తీగ పలక అంచు దాటి జారిపోతోంది" అని రెండుసార్లు చెప్పింది. వేలు పడుకోబెట్టి వాయిస్తున్నావు, నిలబెట్టి వాయించమని నేను పెద్దరికంగా సలహా ఇచ్చి ఊరుకున్నాను. ఈ రోజు తనే ఫిడేలు తెచ్చి, నా బొటనవేలు పట్టుకుని మెడ పక్కగా పైకి రాయించింది. పైకి పోయేసరికి గోటికి మెట్టులాంటిది తగిలింది. వెర్నియర్ పెట్టి చూస్తే సన్నతీగ వైపు నట్టు 1.1 మిల్లీమీటర్లు బయటికి పొడుచుకు వచ్చింది, అవతలి వైపు అంతే మేర లోపలికి పోయింది. గోటితో నెడితే కదిలింది. జిగురు ఎప్పుడో వదిలేసింది, తీగల ఒత్తిడి వల్లనే అది అక్కడ నిలిచి ఉంది. అమ్మాయి వేలికి ఏ తప్పూ లేదు.

ఊడిన నట్టు ముందుకో వెనక్కో పోకుండా పక్కకే ఎందుకు జరిగిందో కాగితం మీద గీసి చూసుకున్నాను. తీగ ఒకవైపు, పై చెక్క మీద తీగలను ఎత్తి నిలిపే బ్రిడ్జి దాకా చదునుగా సాగుతుంది, రెండోవైపు బిరడల పెట్టెలోకి వంగి దిగుతుంది. ఈ రెండు లాగుళ్ళూ కలిసి నట్టును కిందికి నొక్కుతాయి, కొద్దిగా ముందుకు, అంటే నల్లపలక కొస వైపు, నెడతాయి. కింద మెడ కర్ర ఉంది, ముందు పలక కొస ఉంది. ఆ రెండు వైపులా అది ఎక్కడికీ పోలేదు. పక్కలకు మాత్రం అడ్డేమీ లేదు. తీగలు నట్టు దాటగానే తమ తమ బిరడల కోసం కొంచెం ఏటవాలుగా మళ్ళుతాయి కాబట్టి, ఒక బిరడ బిగించినప్పుడల్లా నట్టు వెంట్రుకవాసి పక్కకు ఈడ్చుకుపోతుంది. ఆ ఈడ్పు చప్పుడే నేను విన్న "టిక్".

మన పద్ధతిలో వాయించేవాళ్ళకు ఈ బెడద కొంచెం ఎక్కువే ఉండాలి. పాశ్చాత్యులు తీగలను జి, డి, ఎ, ఇ స్వరాలకు బిగిస్తారు. మనం ఐదు శ్రుతిలో, అంటే షడ్జమం వాళ్ళ జి దగ్గర ఉండేలా, స-ప-స-ప పెట్టుకుంటే లావుతీగలు రెండూ వాళ్ళ స్థాయిలోనే ఉంటాయి కానీ సన్నతీగలు రెండూ ఒక్కో పూర్తి స్వరం మేర దిగుతాయి. మగ గొంతుకు సహకారం కోసం ఒకటిన్నరకో రెండుకో దింపితే నాలుగు తీగలూ బాగా వదులవుతాయి. తీగ వదులైనకొద్దీ నట్టును నొక్కి ఉంచే బలం తగ్గుతుంది. పైగా మా ఇంట్లో అమ్మాయి ఐదులో వాయిస్తుంది, నేను రెండులో వాయిస్తాను; వారానికి రెండు మూడుసార్లు తీగలన్నీ దిగుతాయి, మళ్ళీ ఎక్కుతాయి. ఒక్కో దింపుడుకూ తీగ గాటులో ఒకసారి వెనక్కూ ఒకసారి ముందుకూ రాసుకుంటుంది. నాలుగేళ్ళ పాటు ఆ రాపిడిని ఆ జిగురు ఎలా భరించిందో రేపు విప్పితే తెలుస్తుంది.

ఆదివారం

నట్టు బయటికి రావాలంటే నాలుగు తీగలనూ దాని మీది నుంచి తప్పించాలి. అన్నిటినీ ఒకేసారి వదిలేస్తే బ్రిడ్జి పడిపోవచ్చు. అంతకన్నా పెద్ద భయం లోపల ఉన్న సౌండ్ పోస్ట్ గురించి. పై చెక్కకూ వీపు చెక్కకూ మధ్య నిలబడే ఆ చిన్న కర్రపుల్లకు జిగురు ఉండదు; తీగలు బ్రిడ్జి ద్వారా పై చెక్కను నొక్కడం వల్ల అది బిగువుగా నిలుస్తుంది. పడితే దానిని మళ్ళీ నిలబెట్టడానికి ఎస్ ఆకారపు ఇనుప పుల్లను పక్క రంధ్రంలోంచి లోపలికి పంపి, అద్దంలో చూస్తూ తంటాలు పడాలి. ఆ విద్య నాకు లేదు.

అందుకని ఫిడేలును దుప్పటి మడత మీద వెల్లకిలా పడుకోబెట్టి, తీగల రెండో కొసలను పట్టుకునే టెయిల్ పీస్ కింద పాత పంచె ముక్కను నాలుగు మడతలు చేసి దూర్చాను. తీగలు వదులైనప్పుడు దాని మీది చిన్న మరలు పై చెక్కను గీకకుండా ఉండటానికి ఇది అవసరం. బ్రిడ్జి కాళ్ళు ఎక్కడ ఉన్నాయో ఫోనులో ఫొటోలు తీసి, ఫిడేలు నడుము చుట్టూ బ్రిడ్జి నెత్తి మీదుగా వెడల్పాటి నూలు నాడా వేసి, పై చెక్క మీద కొద్దిపాటి ఒత్తిడి మిగిలేలా కట్టాను. అంచుల దగ్గర నాడా కింద గుడ్డ పెట్టాను. ఆ తరువాత నాలుగు బిరడలనూ వంతులవారీగా, ఒక్కోసారి అరచుట్టు మాత్రమే, వదులు చేస్తూ పోయాను. తీగలు వేలాడే స్థితికి రాగానే రెండింటిని ఒక పక్కకూ రెండింటిని ఇంకో పక్కకూ దించాను. సౌండ్ పోస్ట్ పడిన చప్పుడు రాలేదు.

నట్టు మునివేళ్ళతోనే వచ్చేసింది. నల్లచేవ కర్ర, అంటే ఎబొనీ. పొడవు 24 మిల్లీమీటర్లు, మందం 6. వెనక్కు తిప్పి చూడగానే ఊడటానికి కారణం కనిపించింది. అడుగున లేత పసుపు రంగులో, గాజులా మెరుస్తూ, అంచుల దగ్గర బుడగలతో ఒక పొర ఉంది. అది సూపర్ గ్లూ. నాలుగేళ్ళ కిందట తీగలు మార్చడానికి ఇచ్చిన చోట "నట్టు కొంచెం వదులుగా ఉంటే బిగించాం సార్" అని చెప్పి ఇచ్చారు. ఆ బిగింపు ఇదన్నమాట. ఆ పొరకు మెడ కర్ర పీచు సన్నగా, పీకిన వెంట్రుకల్లా అంటుకుని ఉంది. మెడలో, నట్టు కూర్చునే గద్దె మీద, ఆ పీచు ఊడివచ్చిన చోట చిన్న గుంట పడింది. గట్టిగా పట్టుకునే జిగురు వదిలేటప్పుడు కర్రను కూడా వెంట తీసుకుపోతుంది. నట్టు దగ్గర అది వాడకూడదని చెప్పేది అందుకే.

ఈ పనికి తగిన జిగురు సరేసు. పశువుల తోలు నుంచి తీసే ఆ జిగురు పలుకులను పాత వడ్రంగులు ఇప్పటికీ వాడుతున్నారు. అది నీళ్ళకూ వేడికీ లొంగుతుంది, తడిపితే విడిపోతుంది, మళ్ళీ వేడిగా రాస్తే పాత పొరతో కలిసి అతుకుతుంది. ఫెవికాల్ లాంటి తెల్ల వడ్రంగి జిగురు చెడ్డదని కాదు, కానీ ఆరిన తరువాత అది సరేసులా లొంగదు, మిగిలిన పొర మీద కొత్త జిగురును సరిగ్గా పట్టనివ్వదు. ఒక వాద్యానికి ఎన్నడో ఒకనాడు నట్టు మార్చవలసి వస్తుంది. ఆ రోజు దానిని తీసేవాడు నేను కాకపోవచ్చు.

పాత డబ్బాలో సరేసు పలుకులు ఉన్నాయి. ఒక వంతు పలుకులకు రెండు వంతుల చన్నీళ్ళు పోసి నానబెట్టాను. నట్టు అడుగున ఉన్న గాజు పొరను గీకి, సాయంత్రమే అతికించేశాను. ఆ తొందర గురించి రేపు రాస్తాను.

బుధవారం

"రేపు" అని రాసి మూడు రోజులైంది. ఈ సాయంత్రం అమ్మాయి బిరడ తిప్పగానే మళ్ళీ "టిక్" మంది.

తీసి చూశాను. జిగురు మొత్తం నట్టుకే అంటుకుని ఉంది. మెడ వైపు నుంచి ఉల్లిపొరలాగా ఒక్క ముక్కగా లేచి వచ్చింది. మెడ గద్దె మీద జిగురు ఆనవాలే లేదు. కర్ర జిగురును పీల్చుకోలేదన్నమాట. పుల్లతో ఒక నీటిచుక్క తీసి అక్కడ పెట్టాను. శుభ్రమైన మేపుల్ కర్ర అయితే ఆ చుక్క కాసేపట్లో ఇంకి మచ్చలా పరచుకోవాలి. ఇక్కడ అది తామరాకు మీద బొట్టులాగా గుండ్రంగా నిలబడి ఉంది.

మాస్టారికి ఫోను చేశాను. ఆయన విజయనగరం సంగీత కళాశాలలో చదివినవారు. 1919లో మొదలైన ఆ కళాశాలలో ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ఆచార్యులుగానూ, తరువాత అధ్యక్షులుగానూ ఉన్న కాలం కబుర్లు ఎత్తకుండా ఆయన ఏ సంభాషణనూ ముగించరు. ఈసారి మాత్రం సూటిగా విషయానికి వచ్చారు.

"నూనె రాసుకుని వాయిస్తావు కదయ్యా. ఆ నూనె ఎక్కడికి పోతుందనుకున్నావు?"

ఇది నాకు తట్టలేదు. మనం నేల మీద కూర్చుని, ఫిడేలు తలను కుడి చీలమండ మీద ఆనించి వాయిస్తాం. గడ్డంతో గట్టిగా పట్టుకోనక్కరలేదు కాబట్టి ఎడమ చెయ్యి మెడ పొడవునా స్వేచ్ఛగా జారుతుంది; మన గమకాలలో చాలాభాగం ఆ జారుడు మీదనే ఆధారపడతాయి. వేలు పట్టకుండా ఉండాలని చాలామంది కొనవేళ్ళకు చుక్క కొబ్బరినూనె రాసుకుంటారు. నేనూ రాసుకుంటాను, నన్ను చూసి అమ్మాయీ రాసుకుంటుంది. మా ఫిడేలులో నట్టు నుంచి బ్రిడ్జి దాకా తీగ పొడవు 328 మిల్లీమీటర్లు. అందరూ మొదట నేర్చుకునే మాయామాళవగౌళలోని శుద్ధ రిషభం, షడ్జమానికి 16/15 వంతు అనుకుంటే, తీగ పొడవులో పదహారో వంతు దగ్గర, అంటే నట్టుకు 20.5 మిల్లీమీటర్ల దూరంలో పలుకుతుంది. అక్కడి నుంచి వేలు షడ్జమం వైపు జారినప్పుడల్లా నూనెను నట్టు మొదటి దాకా తోసుకుపోతుంది. నల్లపలకకూ నట్టుకూ మధ్య ఉన్న సందులోకి, చూరు నుంచి గోడలోకి దిగే వాననీటిలాగా, అది రోజూ కొంచెం కొంచెంగా ఇంకిపోయింది. సూపర్ గ్లూ మీద నేను పెట్టుకున్న కోపంలో సగం ఇప్పుడు నా మీదికి తిప్పుకోవాలి.

"జిగురు ఎంత వేశావు?" అని ఆయన అడిగారు. అడుగంతా పూశానని చెప్పాను.

"గోడకు సిమెంటు వేస్తున్నావనుకున్నావా? ఆవగింజంత చుక్కలు రెండు చాలు. మిగతా పని తీగలు చూసుకుంటాయి."

గురువారం నుంచి శనివారం దాకా

మూడు రాత్రులూ శుభ్రం చేయడంతోనే గడిచాయి. రాయవలసింది తక్కువ, చేతి పని ఎక్కువ.

సూపర్ గ్లూను కరిగించడానికి అసిటోన్ ఉంది కానీ, అది ఫిడేలు వార్నిష్‌ను అంతకన్నా వేగంగా కరిగిస్తుంది. మెడ పక్కన ఒక్క చుక్క జారితే తెల్లటి చార మిగిలిపోతుంది. కాబట్టి మెడ గద్దె దగ్గర ఆ సీసా మూత కూడా తీయలేదు. అక్కడ మిగిలిన గాజు ముక్కలను కొత్త బ్లేడు అంచుతో, నిలువుగా పట్టి, కర్ర పీచు పోయే దిక్కులోనే గీకాను. వీలైనంత తక్కువ గీకాలి, ఎందుకంటే గద్దె ఎంత కిందికి పోతే నట్టు అంత కిందికి దిగుతుంది. నట్టు అడుగును మాత్రం పలక గాజు మీద అంటించిన 320 నంబరు గరుకు కాగితం మీద పెట్టి, ఎనిమిది అంకె ఆకారంలో తిప్పుతూ చదును చేశాను. ఆదివారం గీకినప్పుడు అక్కడక్కడ ఇంకా మెరుపు మిగిలిందని, అప్పుడు నా కంటికి ఆనలేదని ఈ కాగితం మీద తెలిసింది. చదునైన చోట కర్ర మెరుపు లేకుండా నల్లబడుతుంది, జిగురు ఉన్న చోట ఇంకా మెరుస్తూనే ఉంటుంది.

నూనె తీయడానికి లైటర్లలో పోసే తేలికపాటి ఇంధనం వాడాను. దూదిపుల్లకు తడి తగిలేంత మాత్రమే అద్ది, వార్నిష్ మీద పడకుండా పక్కన దళసరి కాగితం అడ్డం పెట్టి, గద్దెనూ పలక కొసనూ తుడిచాను. కిటికీలు తెరిచి, వంటింటి స్టవ్ ఆపించి ఈ పని చేశాను. మొదటి దూది గోధుమ రంగులో వచ్చింది, మూడో దూది నుంచి రంగు పలచబడింది. ఆ వెంటనే సుద్దపొడిని గద్దె మీద కుప్పగా పోసి రాత్రంతా వదిలేశాను. ఇంధనం లోపల కరిగించిన నూనె పైకి వస్తుండగా దానిని పొడి పీల్చుకుంటుంది. పొద్దున చూస్తే పొడి అడుగు భాగం ముద్దగా, తేమగా ఉంది. రెండో రాత్రి తక్కువ. మూడో రోజు పొద్దున పొడి పొడిగానే రాలిపోయింది. నీటిచుక్క పెడితే అంచులు పరచుకుని, కాసేపట్లో మచ్చగా ఇంకింది.

శనివారం మధ్యాహ్నం ఇంకో సంగతి బయటపడింది. జిగురు లేకుండా నట్టును ఉత్తగా కూర్చోబెట్టి, తీగలను కొద్దిగా బిగించి చూశాను. నట్టు దగ్గర తీగ కిందుగా ఒక విజిటింగ్ కార్డు సాఫీగా దూరాలనేది పాత కొలత, సుమారు 0.3 మిల్లీమీటర్లు. మధ్యలో రెండు తీగల కింద కార్డు ఇరుక్కుంది, అన్నిటికన్నా లావైన మంద్ర షడ్జమం తీగ కింద అసలు దూరనే లేదు. ఆ తీగ మీటితే ఈగ ముసిరినట్టు జుయ్యిమంది. నాలుగేళ్ళుగా నట్టును తగిన ఎత్తులో నిలిపింది ఆ పాడు జిగురు పొరేనన్నమాట. దానిని తీసేసి, అడుగును చదును చేసి, మొత్తం మీద పావు మిల్లీమీటరు పైగా పోగొట్టాను.

కొత్త నట్టు చెక్కించుకోవచ్చు. కానీ పాతదాని గాట్లు బాగున్నాయి, అమ్మాయి వేళ్ళకు ఆ తీగల ఎడం అలవాటైపోయింది. బయటి తీగల మధ్య 16.5 మిల్లీమీటర్లు. అడుగున సన్నటి పొర వేస్తే సరిపోతుంది. కాగితం పొర కూడా పనిచేస్తుంది, అయితే మళ్ళీ నూనె దిగితే అది దీపపు వత్తిలాగా పీలుస్తుందని నాకు అనుమానం. విరిగిపోయిన పాత ఎబొనీ టెయిల్ పీస్ ఒకటి పడి ఉంటే దానిని వీధి చివర వడ్రంగి దగ్గరకు తీసుకుపోయి, చిత్రికతో ఒక పొర తీసిపెట్టమని అడిగాను. ఆయన దానిని గోటితో గీరి, వాసన చూసి, "ఇది మన తునికి చేవ లాగుంది బాబుగారూ" అన్నారు. ఆ మాట పూర్తిగా తప్పు కాదు. బీడీ ఆకులిచ్చే తునికి చెట్టు ఎబొనీ జాతిలోనిదే, దాని చేవను కోరమాండల్ ఎబొనీ అని పిలుస్తారు. ఈ ముక్క ఏ దేశపుదో మాత్రం చెప్పలేను. మొదటి రెండు పొరలు మధ్యలోనే పుటుక్కున విరిగాయి. అప్పుడు ఆయన చిత్రిక అలుగును లోపలికి తట్టుకుని, ఒళ్ళంతా బిగబట్టి ఒక్క ఊపున లాగితే, నల్లటి పొర చుట్టలు తిరిగి కింద పడింది. కొలిస్తే 0.3. డబ్బులు ఇవ్వబోతే నవ్వి, ఫిడేలు బాగైతే ఒకసారి తెచ్చి వినిపించమన్నారు.

రెండో ఆదివారం

సరేసు వండే పద్ధతిని ఇప్పుడు సావధానంగా రాస్తాను. రాత్రి నానిన పలుకులు పొద్దునకు ఉబ్బి, నీళ్ళన్నీ పీల్చుకుని, అచ్చం బెల్లం జున్నులాగా తయారవుతాయి. మా అత్తగారు ఫ్రిజ్ తలుపు తీసి "జున్నుపాలు ఎవరిచ్చారు?" అని అడిగేదాకా వచ్చింది, అప్పటి నుంచి సీసా మీద పెద్ద అక్షరాలతో "జిగురు" అని రాసిపెట్టాను. ఆ సీసాను వేడినీళ్ళ గిన్నెలో నిలబెట్టి, జిగురు 60 డిగ్రీల దగ్గర ఉండేలా చూసుకోవాలి. నీళ్ళు మరగకూడదు, మరిగితే జిగురు బలం విరిగిపోతుంది. పుల్ల ముంచి ఎత్తితే పలచటి తేనెలాగా ధార తెగకుండా జారాలి, కిందికి వచ్చేసరికి చుక్కలుగా విడిపోవాలి. చిక్కగా ఉంటే ఒక చెంచా వేడినీళ్ళు కలపాలి. ఈ పనికి నేను ఇంకో చెంచా ఎక్కువే కలిపాను, ఎందుకంటే ఇక్కడ మరీ బలమైన అతుకు నాకు అక్కరలేదు.

మొదట ఎబొనీ పొరను నట్టు అడుగున అతికించి, రెండు చిన్న చెక్క ముక్కల మధ్య పెట్టి బట్టల క్లిప్పులతో నొక్కి ఉంచాను. నాలుగు గంటల తరువాత అంచుల్లో మిగిలినదాన్ని బ్లేడుతో కోసి, గరుకు కాగితం మీద ఒక్కసారి రాశాను. ఉత్తగా కూర్చోబెట్టి చూస్తే కార్డు నాలుగు తీగల కిందా దూరింది.

సాయంత్రం అసలు పని. సరేసుతో ఇబ్బంది అంతా సమయంతోనే. చల్లబడగానే జెల్లీ కట్టేస్తుంది, ఒకసారి జెల్లీ కట్టాక నొక్కి లాభం లేదు. కాబట్టి నట్టును వేడి గిన్నె మూత మీద పెట్టి గోరువెచ్చగా చేశాను, మెడ గద్దెను వేడినీళ్ళలో ముంచి పిండిన గుడ్డ చుట్టిన వేలితో కాసేపు అదిమి వెచ్చబరిచి, తడి ఆరనిచ్చాను. పుల్లతో గద్దె మీద రెండు చోట్ల చుక్క, పలక కొసకు ఒక పలచటి పూత. నట్టును వెనక నుంచి ముందుకు జార్చి పలక కొసకు గట్టిగా ఆనించాను. ఈ ఆనింపులో అశ్రద్ధ పనికిరాదు. నట్టుకూ పలకకూ మధ్య జిగురు మందంగా మిగిలితే మీటే తీగ పొడవు అంతమేర పెరుగుతుంది. 328 మిల్లీమీటర్ల మీద ఒక్క మిల్లీమీటరు పెరిగినా వట్టి తీగ శ్రుతి సుమారు ఐదు సెంట్లు దిగుతుంది. అరస్వరానికి వంద సెంట్లు కాబట్టి అది చిన్న తేడాయే, అయినా తంబూరా పక్కన పెట్టుకుని వాయించేవాళ్ళ చెవి దానిని పట్టుకుంటుంది.

రెండు పక్కలా గోరు రాసి, మెట్టు తగలడం లేదని చూసుకుని, మధ్య తీగలు రెండింటినీ గాట్లలోకి ఎక్కించి, పలుకీ పలకనంత బిగువుకు తెచ్చాను. పట్టుకర్రలు, బిగింపులు ఏవీ వాడలేదు. తీగలే కిందికీ ముందుకీ నొక్కి ఉంచుతాయని మొదటి రోజు గీసుకున్న బొమ్మ చెప్పనే చెప్పింది. అంచున బయటికి వచ్చిన చిన్న జిగురు పూసను వేడి తడిగుడ్డతో తుడిచేశాను. మామూలుగా ఒక రోజు ఆరితే చాలునంటారు. శ్రావణమాసపు తేమలో బట్టలే ఆరడం లేదు కాబట్టి ఒకటిన్నర రోజు ఆగాలని నిర్ణయించుకున్నాను. అమ్మాయి ఈ రోజు కూడా గొంతుతోనే జంట వరుసలు సాధన చేసుకుంది.

మంగళవారం, రాత్రి

నాలుగు తీగలూ ఎక్కించే ముందు గాట్లను భూతద్దం కింద చూశాను. తీగ తన లావులో మూడో వంతు మాత్రమే గాటులో దిగి, మిగతాది బయట కనబడాలి. గాటు అడుగు బిరడల వైపు గుండ్రంగా వాలాలి, పలక వైపు అంచు మాత్రం అన్నిటికన్నా ఎత్తుగా, స్పష్టంగా ఉండాలి. మూడు గాట్లు అలాగే ఉన్నాయి. మెత్తటి 6బి పెన్సిలును నాలుగింటిలోనూ రుద్దాను. ఆ నల్లపొడి తీగను జారనిస్తుంది, తీగ జారితే నట్టును తనతో లాగదు. ఇంతకాలం బిరడలకు సుద్ద రాసిన చేత్తో ఇక్కడ పెన్సిలు రాసి ఉంటే ఈ డైరీ అవసరం కొంత తగ్గి ఉండేది.

తీగలను ఒక్కొక్కటిగా, బ్రిడ్జి ముందుకు ఒరగకుండా మధ్యమధ్య నిటారు చేస్తూ, ఐదు శ్రుతికి తెచ్చాను. నాడా విప్పాను. కార్డు నాలుగు తీగల కిందా దూరింది, బయటి తీగల ఎడం 16.5. నాలుగు బిరడలనూ కావాలని దించి, మళ్ళీ ఎక్కించి, చెవి మెడకు ఆనించి విన్నాను. చప్పుడు లేదు. రెండు శ్రుతికి దింపి, మళ్ళీ ఐదుకు పెంచి చూశాను, అప్పుడూ లేదు. అమ్మాయి తీసుకుని మొదట బొటనవేలు మెడ పక్కన రాసి చూసుకుంది. ఆ తరువాతే కమాను ఎత్తింది. పంచమం తీగ మీద వేలు ఎంత ఊపినా తీగ పలక మీదనే ఉంది. నేను ఏమీ అనకముందే "నా వేలు నిలబడే ఉంది, చూశావా నాన్నా" అని అడిగింది. చూశానని ఒప్పుకున్నాను.

నూనె సీసాను ఫిడేలు పెట్టెలోంచి తీసి అలమరలో పెట్టాను. పూర్తిగా మానలేము, వేలు జారవలసిందే. ఇక మీదట చుక్కను వేలికి రాసుకుని, రుమాలుతో ఒకసారి తుడిచి, మిగిలిన జిడ్డుతోనే వాయించాలని, వాయించిన తరువాత నట్టు మొదట్లో పొడిగుడ్డ తిప్పాలని ఇద్దరం అనుకున్నాం.

ఒక్కటి మిగిలింది. మంద్ర పంచమం గాటు మిగతావాటి కన్నా కొంచెం లోతుగా ఉంది, ఆ తీగ సగానికి పైగా లోపలికి దిగుతోంది. ఇప్పుడు జుయ్యిమనడం లేదు, కార్డు దూరుతోంది. తీగలు మార్చేటప్పుడు ఎబొనీ పొడిని సరేసుతో కలిపి ఆ గాటు నింపి, సన్నాకురాయితో మళ్ళీ తీయాలి. పొడి కోసం ఆ రెండు విరిగిన పొరలనూ కాగితంలో చుట్టి దాచాను.